ఎర్రటి వేలి మీద డెబ్బై ఒకటి

మా ఇంట్లో ఆ చిన్న మిషనుకి రెండు పేర్లు. నేను ఆక్సీమీటరు అంటాను. మా అత్త బట్టల క్లిప్పు అనేది. తీగ మీద చీరలు ఎగిరిపోకుండా పెట్టే క్లిప్పులాగే అది కూడా నోరు తెరిచి వేలిని పట్టుకుంటుంది. "పోయి నీ బట్టల క్లిప్పు తెచ్చుకోమ్మాయ్. బిడ్డ వేలికి ఒకసారి పెట్టుకుంటే గానీ నీకు ముద్ద దిగదు" అని నవ్వేది.

ఆమె పోయి ఏడాది దాటింది. క్లిప్పు ఇంకా బాగానే పనిచేస్తోంది. పాపని పడుకోబెట్టి, వేలికి ఒకసారి పెట్టి చూసుకుని, ఇది రాయడానికి కూర్చున్నాను.

నా కూతురు నెలలు నిండకుండా పుట్టింది. నెల్లూరులో పదిహేడు రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. నా బొటనవేలంత పాదానికి ఒక పట్టీ చుట్టి అందులో ఎర్ర లైటు వెలిగించారు. ఆ లైటు చర్మంలోంచి పోయి రక్తం రంగు చూస్తుందని, దాన్నిబట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంకె వేస్తుందని నర్సు చెప్పింది. అప్పట్నుంచి నేను బిడ్డ మొహం చూడడం మానేసి పక్కనున్న తెర చూడడం మొదలుపెట్టాను. తొంభై అయిదుంటే కూర్చునేదాన్ని. ఎనభై ఎనిమిదికి దిగితే లేచి నిలబడేదాన్ని. ఆ అలవాటు ఇంటికొచ్చాక కూడా పోలేదు. కరోనా భయంతో కొన్న ఆక్సీమీటరు బీరువాలో ఉంటే బయటికి తీశాను. మళ్లీ లోపల పెట్టలేదు.

ఆ పదిహేడు రోజుల్లోనే మా అత్త మొక్కుకుంది. నన్ను అడగలేదు. అద్దం బయట నిలబడి, బిడ్డ దక్కితే కేదారం తీసుకొచ్చి నీ ముందర నిలబెడతానని శివుడితో చెప్పుకుంది. ఆ సంగతి పాపకి నాలుగేళ్లు వచ్చాక బయటపెట్టింది.

"అంత చిన్నపిల్లతో అంత ఎత్తుకా అత్తా?" అన్నాను.

"మొక్కు నాది. బిడ్డ నీది. ఇద్దరం కలిసి పోక తప్పదు" అంది.

మా మామకు ఆత్మకూరులో కిరాణా హోల్‌సేల్ కొట్టు ఉంది. తండ్రీకొడుకులు ఇద్దరూ ఒకేసారి కొట్టు వదిలి వెళ్లడం కుదరదు. మా ఆయన ఉండిపోయారు. అత్త, మామ, నేను, పాప, నలుగురం బయల్దేరాం. మాది ఉదయగిరి. మా నాయన ఫోన్లో "దుర్గం కింద పుట్టినదానివి, కొండంటే నీకేంది భయం?" అన్నాడు. నేను కూడా అత్తగారింట్లో ఆ మాట చాలాసార్లు గొప్పగా చెప్పుకున్నదాన్నే. బడి పిల్లలం పందెం వేసుకుని దుర్గం ఎక్కేవాళ్లం, పైన బురుజు మీద కూర్చుని రేక్కాయలు తినేవాళ్లం అని. కానీ మా కొండ మీద చెమట పడుతుంది గానీ గాలి చాలకపోవడం ఉండదు. ఆ తేడా నాకు తెలుసు. డిగ్రీలో జువాలజీ చదివాను. పైకి పోయేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, గాలి ఒత్తిడి తగ్గుతుంది, తోసే బలం లేక ఆక్సిజన్ రక్తంలోకి సరిగ్గా ఎక్కదు, అందుకే గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పెరుగుతుంది, ఒళ్లు అలవాటు పడడానికి రోజులు పడతాయి. పరీక్షలో ఈ జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నాను.

బయల్దేరే నాటికి ఆషాఢం వచ్చింది. ముందురోజు అత్త పెరట్లో గోరింటాకు కోసి, కాస్త చింతపండు వేసి రోట్లో తనే నూరింది. ఆమె పది వేళ్లకూ టోపీలు పెట్టినట్టు నిండుగా పెట్టుకుంటుంది. పాపకీ పెట్టింది, నాకూ పెట్టింది. ముగ్గురం చేతులు చాచుకుని కూర్చుంటే మామ కంచంలో పెరుగన్నం కలుపుకొచ్చి ముగ్గురికీ ముద్దలు పెట్టారు. "నలభై ఏళ్ల నుంచి ఏడాదికో పూట నా చేత ఈ చాకిరీ చేయిస్తా ఉండాది మీ అత్త" అన్నారు. అత్త నోటినిండా అన్నంతో "ఉప్పు తక్కువైంది" అంది.

తెల్లారి చూస్తే ముగ్గురిలో ఆమె చేతులే ఎక్కువ పండాయి.

కొండదారిలో బస్సు పైపైకి పోతుంటే ఒక విచిత్రం జరిగింది. పాప కోసం మా కొట్లోంచి తెచ్చిన చిప్స్ పాకెట్లు ఒక్కోటే ఉబ్బడం మొదలైంది. సంచిలోంచి తీస్తే దిండ్లలా ఉన్నాయి. మామ ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. "మన సరుకేనా ఇది? కంపెనోడు మనకెప్పుడూ ఇంత గాలి పొయ్యలేదే!"

"లోపలి గాలి అంతే ఉంది మామా. బయట నొక్కే గాలే తగ్గిపోయింది" అన్నాను.

"మరి మన లోపలో?" అని అడిగింది అత్త. నేను నవ్వి, మనకీ అంతేనని చెప్పాను. దాని గురించి ఇంకాస్త చెప్పి ఉండాల్సింది.

కింద ఊర్లో చిన్న డబ్బాల్లో ఆక్సిజన్ అమ్ముతున్నారు. మామ ఒకటి కొని, ఇంకోటి తీసుకుందామా అన్నారు. "పాపకి ఒకటి చాలు మామా" అన్నాను. పాపకి అని నేనే అన్నాను. ఆ డబ్బా నలుగురికీ అని మాలో ఎవరికీ తోచలేదు.

నడక వద్దు, గుర్రాలు వద్దు అని పాప కోసమే హెలికాప్టరెక్కాం. పది నిమిషాలు కూడా పట్టలేదు. నడిచి పోయేవాళ్ల ఒంటికి దారిలో దొరికే కాస్త వ్యవధి కూడా మాకు దొరకలేదు. దర్శనం అయ్యేదాకా అత్త పచ్చిమంచినీళ్లు కూడా ముట్టలేదు. ఒకటి ఉపవాసం, రెండు, నీళ్లు తాగితే బాత్రూం వెతుక్కోవాలని. గుడి దాకా నడిచే నాలుగడుగులకే మూడుసార్లు కూలబడింది. లోపలికి పోయి పాపని ముందుకు తోసి "తెచ్చినా సామీ, చూసుకో" అంది. ఆ మొహంలో అంత వెలుగు నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే దిగిపోవాలి. లేచేసరికి మంచు, వాన. హెలికాప్టర్లు లేవు. రేపు చూద్దాం అన్నారు.

ఆ రోజు మధ్యాహ్నం గది నాకు ఇప్పటికీ వస్తువు వస్తువుగా కనబడుతుంది. అత్త గోడకి ఆనుకుని రెండు రజాయిలు కప్పుకుని కూర్చుంది. పడుకుంటే దగ్గు వస్తోందని పడుకోవడం లేదు. తలనొప్పి అంటే కాఫీ పడక అనుకున్నాం. "ఈళ్ల టీ తాగితే పోయే తలనొప్పా ఇది?" అని ఆమే అంది. ఆ నాలుగు మాటలకి మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంది.

పాప నా ఒళ్లో ఉంది. ఎనభై ఆరు. ఆ ఎత్తులో మామూలు మనిషికి అంతే ఉంటుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు నా కళ్ల ముందు అద్దాల పెట్టె ఉంది. డబ్బా మూతి పాప ముక్కుకి పెట్టి నొక్కుతున్నాను, ఎనభై తొమ్మిది చూసి వదులుతున్నాను, మళ్లీ ఎనభై ఆరు, మళ్లీ నొక్కుతున్నాను. పాపకి ఏమీ లేదు. ఆడుకుంటోంది. నా చేతిలోంచి క్లిప్పు లాక్కుని పోయి అవ్వ వేలికి పెట్టింది.

డెబ్బై ఒకటి. గుండె నూట ఇరవై ఎనిమిది.

"ఎంతుండాది?" అన్నారు మామ.

"డెబ్బై ఒకటి."

"బిడ్డకో?"

"ఎనభై ఆరు."

ఆయన సరుకు తూకం దగ్గర నిలబడేటప్పుడు చూసే చూపు ఒకటి ఉంది. అలా చూశారు. "బిడ్డ కన్నా చాలా తక్కువ గదమ్మా?"

అప్పుడు నా బుర్రలో ఏం జరిగిందో రాయడానికే ఇదంతా రాస్తున్నాను. ఒక్క క్షణం కూడా పట్టలేదు. డబ్బా సగం అయిపోయింది. ఈ అంకె నిజమైతే ఆ సగం అత్తకి ఇవ్వాలి. ఆమెని కింద మెడికల్ క్యాంపుకి వానలో మోసుకుపోవాలి. పాపని ఎవరు చూస్తారు? రాత్రికి పాప అంకె ఇంకా పడితే? ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడి, వాటన్నిటికీ సరిపోయే జవాబు ఒకటి నోట్లోకి దానంతటదే వచ్చింది. కరోనా రోజుల్లో ఫోన్‌కి వచ్చిన మెసేజీ. గోళ్లరంగు, గోరింటాకు ఉంటే మిషను తప్పు చూపిస్తుందని.

"గోరింటాకు మామా. ఆ రంగులోంచి లైటు పోదు. అందుకే తక్కువ చూపిస్తోంది."

అత్త తన వేళ్లు చూసుకుంది. "మరి బిడ్డకూ అదే రోట్లోది పెట్టినాం గదా?"

"చిన్నపిల్లల గోళ్లు పల్చన అత్తా. లైటు దూరిపోద్ది. మీవి మందం."

ఇది ఏ మెసేజీలోనూ లేదు. ఏ పుస్తకంలోనూ లేదు. అక్కడికక్కడ పుట్టించాను. పుట్టించానని చెబుతుండగానే నాకు తెలుసు.

"అదీ సంగతి!" అంది అత్త. ఆమె మొహంలో నిజంగా తేలిక కనిపించింది. "చూసినారా, చదువుకున్న కోడలుంటే ఇదే సుఖం. లేకుంటే మీరు ఉత్తపుణ్యానికి కంగారుపడి చచ్చేవోళ్లు."

మామ మాత్రం లేచారు. "కింద క్యాంపులో డాక్టరు ఉన్నాడంట. ఎందుకైనా మంచిది, చూపిద్దామా? నువ్వు చెప్పమ్మా. పోదామంటే ఎత్తుకొనైనా పోతా."

"ఈ వానలో ఎందుకు మామా. ఉపవాసం నీరసం అది. పొద్దున్నే దిగిపోతాం గదా."

ఆయన కూర్చున్నారు. అంతే. నలభై ఏళ్లు ఎవరి మాటా వినకుండా వ్యాపారం చేసిన మనిషి నా మాట విని కూర్చున్నారు.

చీకటి పడ్డాక దగ్గు మారింది. లోపల ఏదో నీళ్లు కదులుతున్న చప్పుడు. ఎత్తులో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని, దానికి అన్నిటికన్నా పెద్ద మందు కిందికి దిగడమేనని, వెయ్యి అడుగులు దిగినా మనిషి తేరుకోవచ్చని నేను తర్వాత చదివాను. మిగిలిన డబ్బా అంతా అప్పుడు ఆమెకే పెట్టాను. అది కాసేపట్లో అయిపోయింది. ఆ చీకట్లో, వానలో మోసేవాళ్లు దొరకలేదు. తెల్లారుతుండగా నలుగురు మనుషులు ఆమెని కుర్చీలాంటి డోలీలో ఎత్తుకుని దిగడం మొదలుపెట్టారు. మామ పక్కనే పరుగులాంటి నడక. పాపని చంకనేసుకుని నేను వెనక. సగం దారి కూడా దిగకముందే వాళ్లు డోలీ దించారు. నేను పోయి వేలికి క్లిప్పు పెట్టాను. అంకె రాలేదు. రెండు గీతలు వచ్చాయి. గోరింటాకు అలాగే ఎర్రగా ఉంది.

మా ఆయన వచ్చారు. కార్యం అక్కడే గంగ ఒడ్డున చేశాం. ఆత్మకూరు వచ్చి సంచి విప్పితే అడుగున ఒక చిప్స్ పాకెట్ మిగిలి ఉంది. ఉబ్బు దిగిపోయి, కొట్లో వేలాడే మిగతావాటిలాగే మామూలుగా ఉంది. కొండ దిగితే చాలు, దానికి ఏమీ కానట్టే ఉంది. దాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను.

పరామర్శకి వచ్చినవాళ్లందరూ ఒకటే మాట. ఎంత పుణ్యం చేసుకుందో, ముత్తైదువుగా, గోరింటాకు చేతులతో, స్వామి సన్నిధిలో పోయింది. ఎవరికి దక్కుతుంది అలాంటి చావు? అనంతసాగరంలో ఉండే మా వదిన, అంటే అత్త కూతురు, ఏడుస్తూ "అమ్మ చేతులు చివరిదాకా ఎర్రగానే ఉండాయా?" అని అడిగింది. ఉన్నాయి వదినా అన్నాను. మామ కూడా కొట్టుకొచ్చే గిరాకీలకి అదే చెప్పేవారు, స్వామి పిలిపించుకున్నాడని. నేను వంటింట్లోంచి వినేదాన్ని. ఏడాది పాటు విన్నాను.

గోరింటాకు పెట్టుకుని ఒక్కసారి ఆ మిషను పెట్టి చూస్తే తేలిపోయే విషయం. సైన్సు చదివిన ఎవరైనా మొదట చేసే పని అదే. చెట్టు పెరట్లోనే ఉంది, మిషను చేతిలోనే ఉంది. నేను చెయ్యలేదు. కొన్ని రాత్రులు పాప ఊపిరి వింటూ పడుకున్నప్పుడు పక్కగదిలో గోడకి ఆనుకుని ఎవరో పడుకోలేక కూర్చున్నట్టు ఉండేది. లేచి చూసేదాన్ని కాదు. పాప వేలికి క్లిప్పు పెట్టుకునేదాన్ని.

ఈ ఆషాఢంలో సంవత్సరీకం జరిగింది. బ్రాహ్మణులు వెళ్లిపోయాక ఆ సాయంత్రం వదిన పెరట్లోకి పోయి గోరింటాకు కోసుకొచ్చింది.

"ఏడాది అయిపోయింది. అమ్మ పెట్టిన చెట్టు, ఆషాఢంలో ఆకు కొయ్యకపోతే అమ్మకే బాగుండదు. రామ్మే, చెయ్యి చాపు."

"నాకొద్దు వదినా. పని ఉంది."

"నీకెప్పుడు లేదులే పని" అని పాపని కూర్చోబెట్టుకుని పెట్టింది. తనూ పెట్టుకుంది, తల్లిలాగే పది వేళ్లకీ టోపీలు. తెల్లారేసరికి తల్లిలాగే పండాయి. వదిన కాఫీ గ్లాసు పట్టుకుని నడవాలో కూర్చుంటే ఆ చేతులు చూడలేక నేను పక్కకి తిరిగి పిండి కలుపుతున్నాను.

పాప ఇప్పుడు డాక్టరు ఆట ఆడుతోంది. బడికెళ్లే ముందు క్లిప్పు పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. ఆ పొద్దున తాతకి పెట్టింది. తొంభై ఏడు. తర్వాత మా వదిన దగ్గరకి పోయింది. నేను చేతిలో పిండితో "వద్దు" అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను. అప్పటికే పెట్టేసింది.

"తొంభై ఎనిమిది! తాతా, నీకన్నా ఎక్కువ!"

మా వదిన "చూసినావా నాయనా, నీ కూతురు నీకన్నా గట్టి పిండం" అని నవ్వింది. ఆమెకేం తెలీదు.

మామ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవారు ఆగారు. దగ్గరికొచ్చి వంగి చూశారు. అంకె చూశారు. అంకె కింద పండిన వేలు చూశారు. కూతురు వేలు పట్టుకుని గోరు మీద తన బొటనవేలితో ఒకసారి రాశారు, మందమెంతో చూస్తున్నట్టు. నా వైపు చూడలేదు.

"క్లిప్పు బాగానే పని చేస్తా ఉండాదే" అన్నారు. కొట్టుకి వెళ్లిపోయారు.

సాయంత్రం మామూలు కన్నా ముందే వచ్చారు. మా వదిన ఊరెళ్లిపోయింది. పాప వీధిలో ఆడుతోంది. పెరట్లో చెట్టు దగ్గర నేను గిన్నెలు బోర్లిస్తుంటే వచ్చి నిలబడ్డారు.

"ఆ పొద్దు నీకు తెలుసా?"

ఏ రోజని నేను అడగలేదు. అబద్ధం ఈసారి కూడా తయారుగానే ఉంది. అత్తకి పండిన తీరు వేరు, అక్కడ చలికి వేళ్లు గడ్డకట్టాయి, ఏదో ఒకటి. చెప్తే నమ్మేవారేమో.

"తెలుసు మామా" అన్నాను. "అది తప్పు అంకె కాదని తెలుసు. పాప గోళ్ల మాట కల్పించినాను."

ఆయన చెట్టు కొమ్మ ఒకటి పట్టుకున్నారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. "నీ వదినకు చెప్పబాక" అన్నారు. "నీ మొగుడికి కూడా. వాళ్లకి వాళ్లమ్మ సామి దగ్గర పోయింది. అట్టనే ఉండనీ."

కాళ్లు కడుక్కుని లోపలికి పోయారు. నేను పెట్టిన అన్నమే తిన్నారు.

ఇది జరిగి ఇరవై రోజులు. మర్నాటి నుంచి ఒక కొత్త అలవాటు చేసుకున్నారు. కొట్టుకి పోయే ముందు వంటింటి గడప దగ్గర నిలబడి, ఏమీ అనకుండా కుడిచేతి చూపుడువేలు చాపుతారు. నేను చేతులు తుడుచుకుని క్లిప్పు తెచ్చి పెడతాను. అంకె ఆయనకి తిరగేసి కనబడుతుంది. చదవగలరు, చదవరు. నేను చెప్పేదాకా ఆగుతారు.

"తొంభై ఏడు మామా" అంటాను.

"నిజమేనా?" అంటారు.

నిజమేనంటాను. అప్పుడు వేలు తీసుకుని వెళతారు.